వెనకాల తెల్లగానే ఉందిగా

నేను ఒక జిరాక్స్ కాగితాన్ని. అసలు కాగితాన్ని కూడా కాను, నకలుని. నకళ్ళలో పాడైపోయిన నకలుని. కాగితాల జాతిలో ఇంతకంటే తక్కువ పుట్టుక ఇంకోటి ఉండదనుకుంటాను. అయినా పుట్టినప్పుడు నా వైభవం నాకుంది. కాకినాడ రామారావుపేటలో ఒక చిన్న కొట్టులో, పచ్చటి వెలుగు అటు నుంచి ఇటు పాకగానే, పెనం మీంచి దిగిన అట్టులా వెచ్చగా బయటికి వచ్చాను. కొట్టతను ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతూ అసలు కాగితాన్ని అద్దం మీద వంకరగా పెట్టాడు. అందుకని నా మీది అక్షరాలన్నీ ఒక పక్కకి ఒరిగిపోయాయి. ఒరిగాయే గాని ఒక్కటీ చెరగలేదు. తరవాత జరిగిన అనర్థానికంతటికీ మూలం అదే.

నా వెనకే నా చెల్లెలు పుట్టింది. అది తిన్నగా, చూడచక్కగా పుట్టింది. కొట్టతను నన్ను వేలితో పక్కకి నెట్టి, ఇది పాడైపోయింది, పారేస్తానన్నాడు. అప్పుడు కనకవల్లి గారు చెయ్యి చాపి అన్న మాట నాకిప్పటికీ గుర్తుంది.

"పారెయ్యడం దేనికి బాబూ, వెనకాల తెల్లగానే ఉందిగా. పిల్లలు బొమ్మలేసుకుంటారు."

ఎంత మంచి మాట! చిన్నప్పటి నుంచీ మన ఇళ్ళలో పెద్దవాళ్ళు నేర్పిన మాటే. అన్నం మెతుకు పారెయ్యకూడదు, గుడ్డ పేలిక పారెయ్యకూడదు, ఒకవైపు తెల్లగా ఉన్న కాగితం అసలే పారెయ్యకూడదు. ఆ మంచితనంలోంచే నా కథ మొదలైంది.

కనకవల్లి గారి గురించి చెప్పాలి. ఏభై దాటిన మనిషి. ఇదివరకు ఒక బడిలో ఆయాల మీద పెత్తనం చేసేది. ఆ బడి మూతపడ్డాక, ఉద్యోగాలకు వెళ్ళే తల్లుల పిల్లల్ని తన ఇంట్లోనే చూసుకోవడం మొదలుపెట్టింది. పిల్లలు ఆవిడని వల్లత్త అంటారు, ఆ ఇంటికి వల్లత్త ఇల్లని పేరు. ఒకసారి ఒక పిల్లాడికి జ్వరం మీద ఫిట్స్ వస్తే వాళ్ళమ్మ నెంబరు దొరక్క ఆవిడ ప్రాణం కడబట్టిందట. అప్పటి నుంచీ పిల్ల చేరిన రోజునే వివరాలన్నీ ఒక కాగితం మీద రాయించుకుంటుంది. అసలు కాగితం బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంటుంది. నకలు ఒకటి వంటింటి అలమర తలుపుకి లోపలివైపు అంటిస్తుంది, తనకేదన్నా అయితే ఇంకెవరైనా చూసుకోవడానికి వీలుగా.

ఆవిడంత జాగ్రత్త మనిషిని నేను చూడలేదు. పిల్లల ఫొటోలు తియ్యదు, తియ్యనివ్వదు. కొత్తగా పెట్టిన ట్యూషన్ సెంటర్ తాలూకు కుర్రాడు వచ్చి, తల్లిదండ్రుల ఫోన్ నెంబర్లు ఇస్తే ఒక కుక్కర్ ఇస్తానన్నాడు. ఆవిడ గుమ్మంలోనే నిలబెట్టి, "పిల్లల్ని చూడమని ఇచ్చేరు గాని, వాళ్ళ ఊసులు అమ్ముకోమని ఇవ్వలేదు బాబూ," అని పంపేసింది. పెదవి దాటితే పృథివి దాటుతుందని ఆవిడ తరచూ అనే సామెత. కాగితం గడప దాటితే ఎంత దూరం పోతుందో ఆ సామెతలో లేదు, ఆవిడకీ తట్టలేదు.

ఇక నా ఒంటి మీద ఉన్నది. పైన వల్లత్త ఇంటి చిరునామా. దాని కింద లహరి ఫొటో, రెండు పిలకలతో, ముందు పన్ను ఊడిన నవ్వుతో. పుట్టినరోజు, రక్తం గ్రూపు. తల్లి సుభాషిణి పేరు, ఆమె నర్సుగా పనిచేసే ఆసుపత్రి, డ్యూటీ వేళలు, అద్దెకుండే ఇల్లు, ఫోన్ నెంబరు. అన్నిటికంటే అడుగున ఆమె చేతిరాతతో రెండు మాటలు. మొదటిది, తండ్రి వచ్చి అడిగినా పాపను పంపవద్దు, మేము ఎక్కడున్నామో ఎవరికీ చెప్పవద్దు. రెండోది, పాపకు వేరుశనగ పడదు, పొరపాటున కూడా పెట్టవద్దు. రహస్యం దాచమని చెప్పడానికి కూడా మనుషులకి ఒక కాగితం కావాలి, దానికో నకలు కావాలి.

ఆ మొదటి మాట వెనక ఉన్న కష్టం సుభాషిణి ఒకరోజు చెబుతుంటే విన్నాను. భర్త గిరిధర్‌ది తణుకు. ఆమె చెయ్యి విరిగింది అతని చేతిలోనే. విడిగా వచ్చేశాక ఒకసారి పాపని ఎత్తుకుపోయి, ఎక్కడ దాచాడో చెప్పకుండా ఆమె చేత కాళ్ళు పట్టించుకున్నాడు. పాప తల్లి దగ్గరే ఉండాలని కోర్టు కాగితం ఇచ్చింది. ఆ కాగితాన్ని అతను ఖాతరు చెయ్యలేదు. ఆమె ఎవరికీ చెప్పకుండా కాకినాడ వచ్చి, నీలం తలుపు ఉన్న ఒక మేడ మీది గదిలో చేరింది. తెలియని నెంబరు నుంచి ఫోన్ వస్తే ఎత్తదు. ఇదంతా విని కనకవల్లి గారు పాపని ఒళ్ళోకి తీసుకుని, "నా ప్రాణం ఉండగా ఈ గడప దాటి ఒక్క మాట పోదమ్మా," అంది. నిజంగానే అంది. అప్పటికే నేను టీవీ కింద బొమ్మల కాగితాల దొంతరలో పడి ఉన్నాను, వెల్లకిలా, ఆవిడకి రెండు బారల దూరంలో.

నన్ను చూడండి, నన్ను చింపండి అని అరవాలనిపించింది. కాగితానికి నోరెక్కడిది! మా ఒంటి నిండా మాటలే, మాట్లాడే యోగ్యత మాత్రం లేదు.

ఒక ముసురు రోజున పిల్లలకి బొమ్మల కాగితాలు పంచింది. నా అదృష్టమో దురదృష్టమో, నేను లహరి చేతికే వచ్చాను. అది నన్ను బోర్లించి, తన ఫొటో నేలకి అదిమిపెట్టి, వెనకవైపు తన ఇల్లు వేసింది. మెట్లు, మేడ, నీలం రంగు అరిగిపోయేదాకా రుద్దిన తలుపు, పక్కన అమ్మ, అమ్మ కంటే పొడుగ్గా తను. ముందువైపు ఇంటి చిరునామా, వెనకవైపు ఇంటి బొమ్మ. వెతికేవాడికి ఇంకేం కావాలి?

వల్లత్త ఇంట్లో ఒక అలవాటుంది. శనివారం సాయంత్రం పిల్లలు తాము వేసిన బొమ్మని తమకిష్టమైనవాళ్ళకి బహుమతిగా ఇచ్చుకోవాలి. ఇవ్వడం నేర్చుకోవాలని కనకవల్లి గారు పెట్టిన పద్ధతి. లహరి నన్ను తన స్నేహితురాలు భవ్యకిచ్చింది. బొమ్మ ఎంత బాగుందోనని కనకవల్లి గారే నన్ను మురిపెంగా చూసి, నలగకుండా గుండ్రంగా చుట్టి, భవ్య సంచీలో పెట్టింది. ఒక్కసారి తిరగేసి ఉంటే? తిరగెయ్యలేదు. ఆవిడ తాళం వెయ్యవలసిన బీరువాకి ఆ రోజు కూడా తాళం వేసే ఉంది.

భవ్య వాళ్ళింట్లో నన్ను గోడకి అంటించారు, అక్షరాలు గోడవైపు, నీలం తలుపు బయటికి. నా బతుకులో నిశ్చింతగా ఉన్నది అప్పుడే. గోడకి చెవులుంటాయంటారు గాని, కళ్ళు లేవు కదా. ఎండాకాలం, వానాకాలం అక్కడే గడిచాయి. ఈలోగా లహరికి ముందు పన్ను వచ్చిందని కూడా ఆ ఇంట్లోనే విన్నాను. ఇలాగే పాతబడి, పసుపుబారి, ఆ గోడలోనే కలిసిపోతే చాలనుకున్నాను.

ఆ ఇంటికి సున్నం వేయించాలనుకున్నారు. గోడ మీదివన్నీ పీకి పాత పేపర్లలో కలిపారు. పాత పేపర్లవాడు తూకం వేసి పట్టుకుపోయాడు. అక్కణ్ణించి భానుగుడి సెంటర్లో ఒక మిరపకాయ బజ్జీల బండి మీదికి చేరాను. పైనున్న ఒక్కో కాగితం వెళ్ళిపోతుంటే నా వంతు దగ్గరపడింది. ఆ పొగలో, ఆ జనంలో, బజ్జీలవాడు నన్ను తీసి రెండు బజ్జీలు పెట్టి ఒక ఆటో డ్రైవరు చేతిలో పెట్టాడు. నూనె నా ఒంట్లోకి ఇంకింది. అది వేరుశనగ నూనో మరోటో నాకు తెలియదు.

ఆ డ్రైవరు పేరు సత్తిబాబు. చెడ్డవాడైతే నాకు తిట్టుకోవడానికైనా వీలుండేది. బజ్జీ తినేసి, చేతిలో మిగిలిన కాగితాన్ని చదవడం మనవాళ్ళందరికీ ఉన్న అలవాటే. అతనూ చదివాడు. పాప ఫొటో చూసి నొచ్చుకున్నాడు. ఎవరో పాపం, ముఖ్యమైన కాగితం పోగొట్టుకున్నారనుకున్నాడు. నా మీదున్న నెంబరుకి ఫోన్ చేశాడు. తెలియని నెంబరు కదా, సుభాషిణి ఎత్తలేదు. మళ్ళీ చేశాడు, ఎత్తలేదు. పోనీ ఇంటికే పట్టుకెళ్ళి ఇద్దామంటే పెద్దాపురం బేరం తగిలింది. అప్పుడతను నన్ను ఆటో సీటు మీద పరిచి, ముడతలు సాపు చేసి, ఫొటో తీశాడు. దాని కింద, ఈ కాగితం భానుగుడిలో దొరికింది, పాప తల్లిదండ్రులకి చేరేదాకా అందరూ షేర్ చెయ్యండి అని రాసి, కింద తన పేరు, తన ఆటో స్టాండు పేరు చేర్చి, తనున్న గ్రూపులన్నిటిలో పెట్టాడు. అడుగున ఉన్న రెండు మాటలూ చదవనే లేదు. మనుషులు కాగితాన్ని చివరిదాకా చదవరు. వెనకవైపు పాప వేసిన బొమ్మ మాత్రం చూసి, నన్ను నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో భద్రంగా దాచుకున్నాడు.

నేను అతని జేబులో ఉన్నాను. నా ఫొటో మాత్రం ఊళ్ళు దాటుతోంది. జాలిగల వాళ్ళందరూ తలో చెయ్యీ వేశారు. ఒక్కొక్కరూ పుణ్యం చేస్తున్నామనుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం ఎదురింటి పద్మావతి ఫోన్ పట్టుకుని కనకవల్లి గారి గుమ్మంలోకి వచ్చి, ఇది మీ ఇంటి అడ్రసే కదా వదినా అందిట. కనకవల్లి గారు ఫోన్లో నన్ను చూసింది. చేతిరాత సుభాషిణిదే. మొదట వంటింటి అలమర తలుపు తీసి చూసింది, నా చెల్లెలు అక్కడే ఉంది. బీరువా తెరిచి చూసింది, అసలు కాగితం అక్కడే ఉంది. అప్పుడు ఫోన్లోని అక్షరాలు వంకరగా ఉన్నాయని గమనించి, పిల్లల బొమ్మలకని తను ఇంటికి తెచ్చిన పాడైన నకలు ఇదేనని పోల్చుకుందిట. ఇవన్నీ ఆవిడ తరవాత సుభాషిణితో చెబుతుంటే నేను విన్నవి.

పద్మావతిని పిల్లల దగ్గర కూర్చోబెట్టి ఆవిడ ఆటో స్టాండుకి పరుగెత్తుకొచ్చింది. సత్తిబాబు ఆవిడని చూసి సంబరపడ్డాడు. జేబులోంచి నన్ను తీసి, మడతలు విప్పి రెండు చేతులతో ఇచ్చాడు.

"చేరిపోయిందండి మొత్తానికి. వెనకాల పాప బొమ్మేసిందండి, నలిగిపోతాదని జాగ్రత్తగా దాచేను."

ఆవిడ నన్ను తిరగేసింది. నీలం తలుపు చూసింది. ఆ బొమ్మని మురిపెంగా చుట్టి సంచీలో పెట్టింది తనేనని ఆవిడకి అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఫొటో తీసెయ్యి నాయనా, పాప ప్రాణానికి ముప్పు అని బతిమాలింది. సంగతి విన్న సత్తిబాబు మొహం పాలిపోయింది. వెంటనే అన్ని గ్రూపుల్లోంచీ తీశాడు. తీసి, ఫోన్ ఆవిడకి చూపిస్తూ నిలబడ్డాడు.

"నా దాంట్లోయి తీసేసేనండి. ఆళ్ళు పంపినోళ్ళవి, ఆళ్ళు మళ్ళీ పంపినోళ్ళవి నేనెలా తీస్తానండి? మంచి జరుగుద్దనే పెట్టేనండి."

ఆవిడ నన్ను మళ్ళీ మడతపెట్టి కొంగున ముడేసుకుంది. తనూ మంచి జరుగుతుందనే కదా నన్ను పారెయ్యనివ్వలేదు.

ఆ సాయంత్రం సుభాషిణి పాప కోసం వచ్చింది. ఆ కాగితం తన ఇంట్లోంచే పోయిందని కనకవల్లి గారు చెప్పకపోతే తెలిసేది కాదు. జిరాక్స్ కొట్టులోనో, దారిలోనో పోయిందనుకునేవారు. కాని ఆవిడ నన్ను సుభాషిణి చేతిలో పెట్టి, జరిగిందంతా ఉన్నదున్నట్టు చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. సుభాషిణి కేకలు వెయ్యలేదు. ఎవరెవరు చూశారు ఆంటీ అని మాత్రం అడిగింది. తెలీదమ్మా అని కనకవల్లి గారు తల వంచుకుంది. ఆ మాట పూర్తవకుండానే సుభాషిణి ఫోన్ మోగి ఆగింది. గిరిధర్ నుంచి మెసేజ్. కాకినాడలో ఉక్క ఎక్కువట కదా, పాప తట్టుకుంటోందా అని అడిగాడు. అంతే, ఇంకేమీ లేదు.

సుభాషిణి ఆ మెసేజ్ కనకవల్లి గారికి చదివి వినిపించింది. తరవాత, కాగితాలన్నీ ఇచ్చెయ్యమంది. బీరువాలోని అసలు కాగితం, అలమర తలుపు మీది నా చెల్లెలు, టీకాల కార్డు నకలు, అన్నీ ఆమె చేతికి వచ్చాయి. అన్నిటినీ ముక్కలు ముక్కలుగా చింపింది. నా వంతు వచ్చింది. నేను సిద్ధంగానే ఉన్నాను, నిజం చెప్పాలంటే ఆ క్షణం కోసం పుట్టినప్పటి నుంచీ ఎదురుచూస్తున్నాను. ఇంతలో లహరి వచ్చి తల్లి చెయ్యి పట్టుకుంది.

"అది చింపకమ్మా. అది భవ్యది. నేనిచ్చేశాను కదా."

సుభాషిణి నన్ను చూసి, దీన్ని చింపినా ఇప్పుడేం లాభంలే అని నన్ను బల్ల మీద పెట్టేసింది. పాప చెప్పులు తొడగడం మొదలుపెట్టింది. ఆసుపత్రిలో తెలిసిన డాక్టరమ్మ ఒకరున్నారు, వేరే ఊళ్ళో పని చూపిస్తానన్నారు, ఈ రాత్రికే వెళ్ళిపోతామంది. ఊరి పేరు చెప్పబోతుంటే కనకవల్లి గారు ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దమ్మా. ఏ ఊరో నాకు చెప్పకు. నెంబరు మార్చినా నాకివ్వకు. నా దగ్గరుంటే ఎక్కడో ఓ చోట బయటపడిపోద్ది. నన్ను నేనే నమ్మలేకపోతున్నాను."

సుభాషిణి ఆవిడ చేతిని కాసేపు అలాగే పట్టుకుంది. తరవాత పాప చెయ్యి పట్టుకుని గుమ్మం దిగింది. లహరి మాత్రం వెళ్తూ వెళ్తూ, రేపు ఎర్ర రంగు నాకే ఇవ్వాలత్తా అని మాట తీసుకుంది.

గిరిధర్ ఆ మర్నాడే వచ్చాడు. ముందు నీలం తలుపు దగ్గరికి వెళ్ళి, తాళం చూసి, ఇటు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మర్యాదైన మాట. అటువంటి మనిషిని వీధిలో ఎవరూ అనుమానించరు. చేతిలో ఫోన్, ఫోన్లో నేను. నేను బల్ల మీద పిల్లల పలకల కింద ఉన్నాను. అతని ఫోన్లో ఉన్నది నేనే, పలకల కింద ఉన్నదీ నేనే. నా మొహం నాకే అసహ్యమనిపించింది.

"నమస్కారమండి. లహరి నాన్నని. పాప ఇక్కడే ఉంటుందట కదా."

కనకవల్లి గారు గుమ్మానికి అడ్డంగా నిలబడి, ఉండేది, ఇప్పుడు లేదు అంది. ఎక్కడికి వెళ్ళారని అడిగాడు. తెలీదంది. మీకు చెప్పకుండా ఎలా వెళ్తుందండీ అని నవ్వాడు. చెప్పవద్దని నేనే అన్నాను బాబూ, అని ఆవిడ అతని కళ్ళలోకి చూసి చెప్పింది. అది అబద్ధం కాదని అతనికి ఎలాగో అర్థమైనట్టుంది. నవ్వు ఆగిపోయింది. ఆవిడ భుజం మీంచి లోపలికి, ఆడుకుంటున్న పిల్లలందరి మొహాల్లోకీ ఒక్కొక్కరినే చూశాడు. తరవాత సంచీలోంచి ఒక పొట్లం తీసి గట్టు మీద పెట్టాడు.

"పాప వస్తే ఇవ్వండి. వేరుశనగ ఉండలు. పిల్లలకి ఇష్టం కదా."

అతను వెళ్ళిపోయాడు. వాళ్ళని అన్నాళ్ళు వెతికి, నా ఫొటోని అపురూపంగా పట్టుకుని వచ్చినవాడు, అతనూ చివరిదాకా చదవలేదు.

ఆ పొట్లాన్ని కనకవల్లి గారు మురిక్కాలవలో పారేసి, చేతులు రెండుసార్లు కడుక్కుంది. ఆ రోజునుంచీ ఆ ఇంట్లో పిల్లలు పలకల మీదే బొమ్మలేస్తున్నారు. పాడైన నకలేదైనా ఉంటే ఆవిడ కొట్టు దగ్గరే ముక్కలు చేసి, ఇంటికొచ్చి ఆ ముక్కల్ని కూడా పొయ్యిలో పడేస్తుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేనని తనమీద తనే విసుక్కుంటుంది. నన్ను కూడా పొయ్యి దాకా తీసుకెళ్ళింది ఒకసారి. అక్షరాలవైపు చూసి మంట దగ్గర పెట్టింది, తిరగేసి నీలం తలుపు చూసి వెనక్కి తీసుకుంది. ఒక వైపు కాల్చి ఒక వైపు ఉంచుకోవడం కుదరదు కదా. చివరికి బీరువాలో పెట్టి తాళం వేసింది. నాకిప్పుడు చాలా భద్రత.

ఇక్కడ చీకట్లో పడుకుని నా మీది మాటల్ని నేనే చదువుకుంటుంటాను. ఆ ఇల్లు ఇప్పుడు వాళ్ళది కాదు. ఆ నెంబరు మోగదు. ఆసుపత్రి మారింది, డ్యూటీ వేళలు మారాయి, ఆ పన్ను ఊడిన నవ్వు కూడా మారిపోయి ఉంటుంది. నిజంగా మిగిలినవి అడుగున ఉన్న రెండు మాటలే. మొదటిది సుభాషిణి ఎక్కడున్నా మరిచిపోదు. రెండోదాని గురించే కనకవల్లి గారి బెంగ.

ఎప్పుడైనా పిల్లలు నిద్రపోయాక కనకవల్లి గారు బీరువా తెరిచి, నన్ను ఒళ్ళో పెట్టుకుని, నూనె మరకలో మసకబారిన ఆ చివరి వాక్యాన్ని వేలితో తడుముతుంది. ఆ హడావిడిలో, ఆ భయంలో, కొత్త ఊళ్ళో పాపని చూసుకునేవాళ్ళకి, దానికి వేరుశనగ పడదని సుభాషిణి చెప్పిందో లేదో, కాగితం రాసివ్వడానికే ఇప్పుడు భయపడుతోందేమో అని తనలో తను అనుకుంటుంది. ఫోన్ చేసి అడగడానికి నెంబరు లేదు. వెళ్ళి చెప్పడానికి ఊరి పేరు తెలియదు. తెలియకుండా చేసుకున్నది తనే.

తెలియని వాళ్ళ ఫోన్లన్నిటిలోకీ వెళ్ళొచ్చినదాన్ని నేను. ఆ ఒక్క మాటా చేరవలసిన ఇంటికి మాత్రం నేను వెళ్ళలేను.